డ్రామటైజ్ అంటే డ్రామాలాడటం కాదు



పోయిన ఏడాది ఏడో తరగతి ఇంగ్లీష్ పీరియడ్‌లో ఆవు–పులి కథ చెప్పాను. మనందరం చిన్నప్పుడు విన్నదే. మేతకు వెళ్లిన ఆవు పులికి చిక్కుతుంది. ఇంటి దగ్గర దూడ ఆకలితో ఉంది, పాలిచ్చి వచ్చేస్తానని మాటిచ్చి వెళ్తుంది. అన్నమాట ప్రకారం తిరిగొస్తుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది. "దీన్ని ఇంగ్లీష్‌లో చిన్న నాటకంలా ఎవరైనా రాసుకొస్తారా?" అని అడిగితే మర్నాడు ఒకమ్మాయి రెండు పేజీలు రాసుకొచ్చింది. చాలా బాగుంది. ఆ సంతోషంలో డైరీలో ‘షి డ్రామటైజ్డ్ ద స్టోరీ వెరీ వెల్’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "మేడమ్, క్లాసులో మా పాప ఏం డ్రామాలాడిందండీ? ఇంట్లో గట్టిగా మందలించాం. ఇంకోసారి జరగకుండా చూసుకుంటాం" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. రిమార్క్ కాలమ్‌లో మేము రాసేవి సగం ఫిర్యాదులే కదా. పైగా ‘డ్రామా’ అనే మాట మన ఇళ్లలో ఎప్పుడు వినిపిస్తుందో మీకు తెలుసు. నేను విషయం చెప్పాక ఆయన చాలా నొచ్చుకున్నారు. కానీ ఆ పిల్ల మాత్రం ఆ నెలంతా క్లాసులో చెయ్యెత్తలేదు. మెచ్చుకుంటే తిట్లు పడతాయని నేర్చుకున్న పిల్లకు మళ్లీ ధైర్యం రావడానికి టైమ్ పట్టింది. తప్పు నాది. ఇంటికి వెళ్లే కాగితం మీద, ఇంట్లో ఇంకో అర్థం ఉన్న మాట రాశాను. అందుకే ఈ నెల ఈ ఒక్క మాట గురించే.

ముందు అసలు అర్థం. ‘డ్రామా’ గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘చేయడం’ అనే క్రియ నుంచి పుట్టింది. అంటే చెప్పేది కాదు, చేసి చూపించేది. మన సంప్రదాయంలో ఈ తేడాకు ఎప్పుడో పేర్లు పెట్టేశారు. విని ఆనందించేది శ్రవ్యకావ్యం, చూసి ఆనందించేది దృశ్యకావ్యం. కథగానో, నవలగానో, జరిగిన సంఘటనగానో ఉన్నదాన్ని పాత్రలు మాట్లాడుకుంటూ, కదులుతూ మన కళ్ల ముందు నడిపించేలా మార్చడమే డ్రామటైజ్ చేయడం. తెలుగులో నాటకీకరణ అంటాం. స్టేజీకే కాదు, రేడియోకు, టీవీకి, సినిమాకు మార్చినా ఈ మాట వాడొచ్చు.

ఇది తేలిక పని అనుకుంటాం. మనుషుల పేర్లు రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి, మాటలు పంచేస్తే అయిపోయిందని చాలామంది పిల్లల లెక్క. ఆ అమ్మాయి ఏం చేసిందో చెబితే అది ఎంత పనో తెలుస్తుంది. ఆవు దూడ దగ్గరికి వెళ్లి వచ్చేలోగా పులి ఏం చేసిందో నేను చెప్పిన కథలో లేదు. కథ ఆవు వెంటే ఊళ్లోకి వెళ్లిపోతుంది. పులి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈమె అక్కడ పులికి ఒక చిన్న సీన్ రాసింది. పులి అటూ ఇటూ తిరుగుతూ, తనను తానే తిట్టుకుంటుంది. చేతికి చిక్కిన తిండిని వదిలేశానని మిగతా జంతువులకు తెలిస్తే పరువు పోతుందని దాని బాధ. అంతలోనే, ఆవు వస్తుందేమో అని దారి వైపు చూస్తుంది. "ఇది ఎందుకు రాశావమ్మా?" అని అడిగాను. "అంతసేపూ పులి స్టేజీ మీద ఊరికే నిలబడదు కదా మేడమ్" అంది.

కథలో ‘కాసేపటికి ఆవు తిరిగొచ్చింది’ అనేస్తే సరిపోతుంది. స్టేజీ మీద ఆ ‘కాసేపు’ను ఎవరో ఒకరు నింపాలి. అలాగే ‘పులి మనసు కరిగింది’ అని కథలో రాయొచ్చు కానీ, స్టేజీ మీద మనసు కనబడదు. అది కరిగిందని తెలిసేలా పులి ఏదో ఒకటి చేయాలి, లేదా అనాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, లేనిది ఏది కలపాలి, ఇదంతా ఆలోచించడమే డ్రామటైజ్ చేయడం. పాఠాన్ని అర్థం చేసుకోకుండా ఆ పని చేయడం కుదరదు. పది మార్కుల ప్రశ్నకు బట్టీపట్టి జవాబు రాయొచ్చు. పులికి సీన్ రాయడం బట్టీతో అయ్యేది కాదు.

పెద్దవాళ్లు చేసిన పనీ ఇదే. శకుంతల కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. నన్నయగారి తెలుగు భారతంలోనూ ఉంది. అక్కడ దుష్యంతుడు శకుంతలను మరచిపోడు. ఆమె ఎవరో తెలిసే, సభలో తెలియనట్టు మాట్లాడతాడు. కాళిదాసు దాన్ని నాటకం చేస్తూ దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని తీసుకొచ్చాడు. రాజు నిజంగానే మరచిపోయాడు. ఇవాళ శకుంతల అనగానే మనకు ఉంగరమే గుర్తొస్తుంది. అది మూలకథలో లేదంటే నమ్మలేం. ఒక మంచి నాటకీకరణ అసలు కథను ఎంత కప్పేయగలదో దీన్నిబట్టి చూడండి. ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. భారతంలోని రాయబారాన్ని, యుద్ధాన్ని స్టేజీ మీదికి తెచ్చారు. మూలం చదవనివాళ్లకు కూడా మన ఊళ్లలో ఆ పద్యాలు నోటికి వచ్చేవి. మీలో చాలామంది తాతగారి నోట ఒకటో రెండో వినే ఉంటారు.

ఇంగ్లీష్‌లో ఈ మాటకు ఒకప్పుడు అంత మంచి పేరు లేదు. చార్లెస్ డికెన్స్ ‘నికొలస్ నికల్బీ’ నవలను నెలనెలా భాగాలుగా ప్రచురించాడు, 1838 ఏప్రిల్ నుంచి 1839 అక్టోబర్ దాకా. కథ సగం కూడా కాకముందే, 1838 నవంబర్‌లోనే, లండన్‌లో ఒక నాటకశాల దాన్ని నాటకంగా ఆడేసింది. ముగింపు రచయితే ఇంకా రాయలేదు. నాటకం రాసినాయన తనకు తోచిన ముగింపు పెట్టుకున్నాడు. అప్పట్లో అడ్డుకునే చట్టం లేదు. డికెన్స్ ఊరుకోలేదు. అదే నవల తర్వాతి భాగాల్లో ఒక సాహితీ పెద్దమనిషిని ప్రవేశపెట్టాడు. ఆయన ఘనత ఏమిటంటే, నవలలు అచ్చయినవి అచ్చయినట్టే డ్రామటైజ్ చేసేయడం. ఇప్పటికి 247 అయ్యాయట. నికొలస్ ఆయనకు గట్టిగానే గడ్డి పెడతాడు.

ఇప్పుడు చట్టం ఉంది. మన కాపీరైట్ చట్టం, 1957, సాహిత్య రచనను నాటక రూపంలోకి మార్చడాన్ని కూడా ‘అడాప్టేషన్’ నిర్వచనంలో చేర్చింది. ఆ హక్కు రచయితది. యాన్యువల్ డేకి ఈ మధ్య కాలపు రచయిత కథ తీసుకుందామని పిల్లలు ఉత్సాహపడితే మేము ముందు అనుమతి మాట ఎత్తుతాం. పంచతంత్రం, భారతం, జానపద కథలకు ఆ చిక్కు లేదు. మేము ఎప్పుడూ పాత కథలే పట్టుకుంటామని కొందరు పేరెంట్స్ నవ్వుతుంటారు. కారణాల్లో ఇదొకటి.

ఇక వాడుక సంగతి. మా దిద్దుబాటులో ఎక్కువగా కనబడే పొరపాట్లు చెబుతాను.

డ్రామటైజ్ చేయాలంటే ఏదో ఒక కథ, నవల, సంఘటన ఉండాలి. ‘వి డ్రామటైజ్డ్ ఆన్ యాన్యువల్ డే’ అని పిల్లలు రాస్తారు. దేన్ని? అది లేకపోతే వాక్యం పూర్తి కాదు. ‘వి డ్రామటైజ్డ్ ఎ ఫోక్ టేల్ ఆన్ యాన్యువల్ డే’ అంటే సరి. కేవలం నాటకం వేశాం అని చెప్పాలనుకుంటే ఈ మాటే అక్కర్లేదు. ‘వి పుట్ ఆన్ ఎ ప్లే’ చాలు. వేరేవాళ్లు రాసిపెట్టిన స్క్రిప్టులో వేషం వేసినవాళ్లు యాక్ట్ చేశారు, అంతే. రాసినవాళ్లు డ్రామటైజ్ చేశారు. ‘డ్రామటిస్ట్’ అంటే కూడా నటుడు కాదు, నాటక రచయిత. గురజాడ డ్రామటిస్ట్.

గురజాడ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. ‘కన్యాశుల్కం’ 1955లో సినిమాగా వచ్చింది. దాన్ని ‘డ్రామటైజ్ చేశారు’ అనొచ్చా? కుదరదు. కన్యాశుల్కం పుట్టడమే నాటకంగా పుట్టింది. నాటకాన్ని నాటకీకరించడమంటే తడిసినదాన్ని మళ్లీ తడపడం. అక్కడ ‘అడాప్ట్’ అనాలి. ‘ద ప్లే వాజ్ అడాప్టెడ్ ఫర్ ద స్క్రీన్.’ యద్దనపూడి సులోచనారాణిగారి నవల ‘సెక్రటరీ’ 1976లో సినిమా అయింది. అది నవల కాబట్టి డ్రామటైజ్ అన్నా తప్పు కాదు, కానీ సినిమా విషయంలో అడాప్ట్ అనడమే ఎక్కువ వాడుక. టీవీ, రేడియోల విషయంలో డ్రామటైజ్ బాగా వినబడుతుంది. ఆర్.కె. నారాయణ్ కథల్ని శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం ‘మాల్గుడి డేస్’ సీరియల్‌గా తీశారు గుర్తుందా? ‘నారాయణ్స్ స్టోరీస్ వర్ డ్రామటైజ్డ్ ఫర్ టెలివిజన్’ అంటే చక్కటి ఇంగ్లీష్.

ఈ అడాప్ట్ దగ్గరే ఇంకో గొయ్యి ఉంది. మన నోట్లో అడాప్ట్, అడాప్ట్ రెండూ ఒకేలా పలుకుతాయి. నేను ఒకటే మాట రెండుసార్లు రాశాననుకుంటున్నారు కదూ. ఒకదానిలో మధ్య అక్షరం ‘ఎ’, రెండోదానిలో ‘ఓ’. ‘ఎ’ ఉన్నది మార్చుకోవడం. ‘ఓ’ ఉన్నది దత్తత తీసుకోవడం. ఒక యాన్యువల్ డే ఆహ్వాన పత్రికలో ‘ఓ’ పడి, నాటకాన్ని ఒక నవల నుంచి దత్తత తెచ్చుకున్నట్టు అచ్చయింది. మూడు వందల కార్డులు పంచాక గానీ ఎవరూ చూడలేదు. ఏ స్కూలో అడక్కండి.

స్పెల్లింగ్‌లో చివర ‘ఎస్’ రాయాలా, ‘జెడ్’ రాయాలా అని పదో తరగతి పిల్లలు తగువు పడుతుంటారు. రెండూ సరైనవే. ఒకే జవాబులో రెండూ కలపొద్దు, అంతే. పలకడంలో మాత్రం జాగ్రత్త. మొదటి అక్షరం ‘మ్యాన్’లోలాగా పలుకుతుంది, ఒత్తు కూడా దాని మీదే. ‘డ్రమాటిక్’ దగ్గరికి వచ్చేసరికి ఒత్తు రెండో అక్షరానికి జారుతుంది.

ఇప్పుడు రెండో అర్థం. తంటా అంతా ఇక్కడే. ఇంగ్లీష్‌లో ‘డోంట్ డ్రామటైజ్’ అంటే మందలింపే. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పకుండా పెద్దది చేసి చెబుతున్నావు అని. గోరంతను కొండంత చేయడం అంటామే, సరిగ్గా అదే. కాబట్టి ఫోన్ చేసిన ఆ నాన్నగారు పూర్తిగా పొరబడలేదు. మాటకు ఆ ముఖం కూడా ఉంది. ఏ ముఖమో పక్కనున్న మాట చెబుతుంది. ‘డ్రామటైజ్డ్ ద స్టోరీ’, ‘ద లెసన్’, ‘ద పోయమ్’ అని ఉంటే మెచ్చుకోలు. ‘డ్రామటైజెస్ స్మాల్ ప్రాబ్లమ్స్’ అని ఉంటే ఫిర్యాదు.

అయితే ఆ ఫిర్యాదులో కూడా, తెలుగులో మనం ‘డ్రామాలాడకు’ అన్నప్పుడు ఉండే అర్థం లేదు. మనం ఆ మాట అన్నామంటే ‘నువ్వు నటిస్తున్నావు, అబద్ధం చెబుతున్నావు, అక్కడ ఏమీ లేదు’ అని. ఇంగ్లీష్ మాటలో ‘ఏమీ లేదు’ అని లేదు. గోరంత ఉంది, దాన్ని కొండంత చేస్తున్నాడు అని ఉంది. ఆ గోరంత ఏమిటో చూడటం మన పని.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా, హోమ్‌వర్క్ తీయగానే తలనొప్పి అనేవాడు. "తల పగిలిపోతోందమ్మా, చచ్చిపోతానేమో" అని దొర్లేవాడు. క్రికెట్ ఆడేటప్పుడు రాని తలనొప్పి పుస్తకం తీస్తేనే వస్తుందా అని, డ్రామాలు ఆపమని నాలుగు నెలలు కసిరాను. టీచర్‌ని కదా, ఇలాంటి వేషాలు చాలా చూశానని గర్వం. చివరికి వాళ్ల అమ్మమ్మ పట్టుబట్టి కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లద్దాలు రాశారు. దగ్గరి అక్షరాలు చదవడానికి కళ్లను బాగా శ్రమ పెట్టాల్సి వస్తోంది, అందుకే చదివేటప్పుడే నొప్పి అన్నారు. చచ్చిపోతానేమో అనడం డ్రామటైజ్ చేయడమే. నొప్పి మాత్రం నిజం. వాడికి అంతకంటే చిన్న మాటతో చెబితే మేము వింటామన్న నమ్మకం లేకపోయింది, అందుకే పెద్ద మాట వాడాడు.

పరీక్ష రోజు కడుపునొప్పి, బస్ ఎక్కనని ఏడుపు, ఫలానా పిల్లాడి పక్కన కూర్చోనని పేచీ, ఇవన్నీ ఈ కోవలోవే. కొన్నింటి వెనక బద్ధకం ఉంటుంది. కొన్నింటి వెనక ఏడిపించే తోటి పిల్లాడు ఉంటాడు. ఏదో అడిగితేనే తెలుస్తుంది. ‘డ్రామాలాడకు’ అన్న తర్వాత పిల్లలు చెప్పరు.

ఇంకో వాడుక పై తరగతుల కాంప్రహెన్షన్ పాసేజీల్లో వస్తుంది. ఒక సంఘటన ఒక సమస్యను ‘డ్రామటైజ్’ చేసింది అంటారు. అక్కడ అతిశయోక్తి లేదు, వేషం లేదు. అందరికీ కొట్టొచ్చినట్టు కనబడేలా చేసింది అని. 1930లో గాంధీజీ సబర్మతి నుంచి దండికి నడిచి పిడికెడు ఉప్పు తీశారు. ఉప్పు పన్ను అన్యాయమని ఎన్ని వ్యాసాలు రాసినా తెలియనిది ఆ నడకతో ప్రపంచానికి తెలిసింది. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో తమ పోరాటం గురించి ఈ మాటను ఇదే అర్థంలో వాడారు. దీన్ని ‘అతిగా చూపించాడు’ అని రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గర ఏటా ఉంటారు.

చివరిగా, టీవీలో, ఫోన్‌లో సినిమాలు చూసే పిల్లల కోసం ఒకటి. నిజజీవిత కథల ముందు ‘కొన్ని సన్నివేశాలు డ్రామటైజ్ చేయబడ్డాయి’ అని ఒక స్లైడ్ రెండు సెకన్లు వచ్చి పోతుంది. జరిగినదాన్నే తీసుకుని, మాటలు, సీన్లు మేమే కల్పించాం అని దాని అర్థం. 1974లో కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’ అలాంటిది. మన్యం పోరాటం జరిగింది, స్క్రీన్ మీద వినిపించే మాటలు మాత్రం రచయితవి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ అది కూడా కాదు. అల్లూరి, కొమరం భీమ్ స్నేహితులైతే ఎలా ఉండేదో ఊహించి అల్లిన కథ. దానికి ‘ఫిక్షనలైజ్’ అనే ఇంకో మాట ఉంది. ఇద్దరూ నిజమైన వీరులే. అల్లూరి 1924లో, భీమ్ 1940లో ప్రాణాలర్పించారు. వాళ్ల స్నేహం మాత్రం సినిమాది. సోషల్ జవాబు పత్రంలో ‘అల్లూరి తన మిత్రుడు భీమ్‌తో కలిసి’ అని రాసినవాడిని మేము తిట్టలేదు. సినిమా ముందు వచ్చే స్లైడ్ ఎవరు చదువుతారు? సినిమా అంతా అయ్యాక ఇంట్లో ఒక్కసారి ‘ఇందులో జరిగిందేది, కల్పించిందేది?’ అని అడిగి చూడండి. మీకూ తెలియకపోతే ఇంకా మంచిది, ఇద్దరూ కలిసి వెతుకుతారు.

డైరీ విషయానికి వస్తే, ఈ టర్మ్ నుంచి మా ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న మార్పు చేసుకున్నాం. ‘డ్రామటైజ్’ అని రాసిన ప్రతిసారీ కింద తెలుగులో ఒక ముక్క రాస్తున్నాం. కథను నాటకంగా బాగా రాసింది అనో, చిన్న విషయానికి ఎక్కువ కంగారు పడుతున్నాడు, ఒకసారి మాట్లాడండి అనో. తెలుగు వాక్యం లేకుండా ఇంగ్లీష్ మాట ఒక్కటే కనబడితే, పిల్లల్ని అడిగే ముందు మాకు ఫోన్ చేయండి. మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఈ ఏడాది యాన్యువల్ డేకి ఆవు–పులి నాటకం తనదే. పులి సీన్ ఇప్పుడు పేజీన్నర అయింది. ఆవు వేషం వేస్తున్న పిల్ల అప్పుడే మొదలుపెట్టింది, తనకంటే పులికే డైలాగులు ఎక్కువున్నాయని.